మేకలు మేత తొట్టిలోకి ఎక్కకుండా చేసిన ఏర్పాటు: నా అనుభవం

మేకలు తొట్టిలోకి ఎక్కి తొక్కుతాయి, అందులోనే పెంటికలు వేస్తాయి, ఆపై ఆ మేతను ముట్టవు. తింటే పేగుల పరాన్నజీవుల బెడద. తొట్టి ఎత్తు పెంచాను, బరువు కట్టాను, వలలో గడ్డి వేలాడదీశాను, ఏదీ నిలవలేదు.

తొట్టిని దడి బయట పెట్టాక సమస్య తీరింది. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును ముందు బాగా కడిగి, నిలువునా రెండుగా కోశాను. పురుగుమందులు, రసాయనాలు నిల్వచేసిన డ్రమ్మైతే ఎంత కడిగినా వద్దు. అంచులను గరుకు కాగితంతో రుద్ది, పాత నీళ్ల గొట్టాన్ని పొడవునా చీల్చి తొడిగాను. మెడలు కోసుకుపోకుండా కాపాడేది ఇదే, దయచేసి వదిలేయకండి. అడుగున వాన నీరు పోయేలా చిన్న రంధ్రాలు చేశాను. తర్వాత తొట్టిని దడికి బయటివైపు, మేక రొమ్ము ఎత్తులో బిగించాను. చివరగా, తొట్టి ఎదురుగా దడికి వెదురు బద్దలు నిలువుగా కట్టాను. సందులో తల దూరాలి, భుజాలు దూరకూడదు. టేపుతో కాకుండా మందలోని పెద్ద మేకను నిలబెట్టి చూసి ఈ సందు ఖాయం చేశాను.

నా మేకలవి పొట్టి కొమ్ములు. పొడవైన కొమ్ములుంటే ఇరుక్కోవచ్చు. అలాంటి మందకు సందు పైభాగం వెడల్పుగా ఉంచితే మేలని నా ఊహ. పిల్లలు మాత్రం ఇందులోంచి సులువుగా దూరిపోతాయి, వాటికి వేరే తొట్టి తప్పదు.