లంచ్ బాక్స్‌లో అన్నం, వేపుడు నీరు కారకుండా

మధ్యాహ్నం డబ్బా తెరిచినప్పుడు మూత లోపల నీటిబొట్లు కనిపిస్తే, కింద వేపుడు మెత్తబడిపోయినట్టే. ఆ నీళ్లు బయటి నుంచి వచ్చినవి కావు. పొద్దున వేడివేడిగా పెట్టి బిగించిన అన్నం ఆవిరే మూతకు తగిలి చల్లబడి, తిరిగి అన్నంలోకి కారుతుంది. కాబట్టి కొత్త డబ్బా కొనే ముందు, స్టవ్ కట్టేశాక మూత పెట్టేలోపు ఓ పావుగంట మిగిలేలా వంట మొదలుపెట్టండి.

అన్నాన్ని కుక్కర్‌లోంచి నేరుగా డబ్బాలోకి తీయకండి. వెడల్పాటి పళ్లెంలో అంగుళానికి మించని మందాన పరిచి ఫ్యాన్ కింద పది, పదిహేను నిమిషాలు ఉంచండి. పైన అరచేయి పెడితే ఆవిరి తగలకూడదు, అంతవరకు చాలు. అలాగని గంటల తరబడి వదిలేయకూడదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా చాలాసేపు ఉన్న అన్నంలో అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. రాత్రంతా బయట ఉన్న అన్నంతో పొద్దున పులిహోర కలిపి పంపొద్దు.

పులిహోరకి పాత బియ్యం మేలు. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోసే అలవాటుంటే, దీనికి పావు గ్లాసు తగ్గించండి. అన్నం పళ్లెంలో వేయగానే చెంచాడు నూనె, పసుపు చల్లితే మెతుకులు అతుక్కోవు. చింతపండు పులుసు నూనె తేలేదాకా ఉడకాలి. పల్చగా దింపేస్తే ఆ నీరంతా అన్నం పీల్చుకుని ముద్దవుతుంది.

వేపుళ్లలో తప్పు దాదాపు ఎప్పుడూ ఉప్పుతోనే వస్తుంది. ఉప్పు కూరగాయలోని నీటిని బయటికి లాగుతుంది. దొండకాయ గానీ బెండకాయ గానీ కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే తరగండి. బాణలి మీద మూత పెట్టకుండా వేయించి, దింపే రెండు నిమిషాల ముందు ఉప్పు, కారం వేయండి. పావుకిలో ముక్కలకు రెండు చెంచాల పుట్నాల పొడి చల్లితే మిగిలిన తడిని అది పట్టేస్తుంది, రుచీ పెరుగుతుంది. పచ్చికొబ్బరి మాత్రం వద్దు. దానిలో తడి ఎక్కువ, ఎండల్లో త్వరగా పాడవుతుంది కూడా. ఎండుకొబ్బరి వాడుకోవచ్చు. బంగాళాదుంప వేపుడు ఎంత జాగ్రత్తగా చేసినా డబ్బాలో కరకరలాడదు, ఆ ఆశ వదులుకోవడమే మంచిది.

చపాతీలను పెనం మీంచి తీసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగువి చెమర్చి పిండిలా అతుక్కుంటాయి. ఒక్కొక్కటి విడిగా రెండు నిమిషాలు ఆరనిచ్చి, తర్వాత పొడి నూలు గుడ్డలో చుట్టండి. వేడిగా ఉండగా ఫాయిల్ చుడితే ఆవిరికి దారి ఉండదు. ఇడ్లీలకు చట్నీ బదులు నువ్వుల నూనెలో కలిపిన కారప్పొడి పట్టిస్తే మధ్యాహ్నానికి ఏ గొడవా ఉండదు.

దద్దోజనం వ్యవహారం వేరు. అది గట్టిపడుతుంది. అన్నాన్ని మెత్తగా వండి మెదిపి, కప్పు అన్నానికి ముప్పావు కప్పు గోరువెచ్చని పాలు, రెండు చెంచాల పెరుగు కలపండి. భోజనం వేళకు తోడుకుని, పులవకుండా కమ్మగా ఉంటుంది. పాలు వేడిగా ఉంటే విరిగిపోవచ్చు.

ఒకే మూత కింద మూడు అరలున్న ప్లాస్టిక్ డబ్బాలు చూడ్డానికి బాగుంటాయి గానీ, చాలావాటిలో అరకూ అరకూ మధ్య మూత గట్టిగా పట్టదు. సంచీ పక్కకి వాలితే సాంబారు వేపుడులోకి వెళ్తుంది. పులుసులకు, పెరుగుకు విడి గిన్నె పెట్టి, అంచుకి వేలెడు కిందవరకే నింపండి. అప్పడాలు, వడియాలు వేరే పొడి డబ్బాలో వెళ్లాలి. కీరా ముక్కలకు ఉప్పు పొట్లం కట్టిచ్చి, తినేటప్పుడే చల్లుకోమనండి.

వేడి నిలిపే డబ్బా ఉంటే అందులో పప్పు, సాంబారు పెట్టండి, వేపుళ్లు కాదు. ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోయాలి. పప్పు పొగలు కక్కుతుండగానే పోసి బిగించాలి, ఇక్కడ మాత్రం ఆరబెట్టకూడదు.

సాయంత్రం డబ్బా ఇంటికి రాగానే మూతలోని రబ్బరు రింగు తీసి కడిగి బోర్లించండి. దాని కింద తడి నిలిస్తే వాసన పడుతుంది, మర్నాడు ఎంత పొడిగా వండి పెట్టినా ఆ వాసన అన్నానికి అంటుకుంటుంది.