బిడ్డకు పెట్టిన అరుదైన పేరుకు చట్టరక్షణ పొందడం ఎలా, ఎంతవరకు

ఎంతో వెతికి, మరెవరికీ లేదనుకున్న పేరును బిడ్డకు పెట్టినవారు దానికి చట్టరక్షణ కోరుకుంటే, ముందుగా ఎలాంటి వాడకం నుంచి రక్షణ కావాలో తేల్చుకోవాలి. వేరొక దంపతులు తమ బిడ్డకు అదే పేరు పెట్టకుండా ఆపాలన్నదే ఉద్దేశమైతే, కాపీరైట్ గానీ ట్రేడ్‌మార్క్ గానీ అందుకు పనికిరావు. ఆ పేరుతో ఇతరులు వ్యాపారం చేసి సొమ్ము చేసుకోకూడదన్నది ఉద్దేశమైతే, కొంత దారి ఉంది.

కాపీరైట్ సంగతి త్వరగానే తేలిపోతుంది. అది రచనకు, చిత్రానికి, సంగీతానికి వర్తించే హక్కు. ఒకటి రెండు పదాల పేరు ఎంత కొత్తదైనా రచన అనిపించుకోదు. అమెరికా కాపీరైట్ నిబంధనలు పేర్లను నేరుగానే మినహాయించాయి. పేరును కళాత్మకంగా గీయిస్తే ఆ చిత్రానికి రక్షణ దొరకవచ్చు, పేరుకు మాత్రం దొరకదు.

ఎక్కువమంది పొరబడేది ట్రేడ్‌మార్క్ దగ్గరే. అది పేరు మీద యాజమాన్యం కాదు, ఫలానా సరుకు ఫలానావారిదని కొనేవారికి తెలియజేసే గుర్తు. అందుకే దరఖాస్తులో పేరు రాస్తే సరిపోదు, దానిని ఏ సరుకుకు లేదా సేవకు వాడతారో కూడా చెప్పాలి. నీస్ వర్గీకరణ అనే అంతర్జాతీయ పద్ధతిలో సరుకులకు 34, సేవలకు 11, మొత్తం 45 తరగతులున్నాయి. దుస్తులు 25వ తరగతిలోకి, ఆటవస్తువులు 28వ తరగతిలోకి వస్తాయి. 25వ తరగతిలో నమోదు చేయించిన పేరుతో మరొకరు దుస్తులు అమ్మితే అడ్డుకోవచ్చు గానీ, సంబంధం లేని వ్యాపారానికి ఎవరైనా అదే పేరు పెట్టుకుంటే, మీ గుర్తు బాగా ప్రసిద్ధమైనదైతే తప్ప, ఆపడం కష్టం. నమోదు చేయించి వాడకుండా ఉంచినా నిలవదు: ఐరోపా సమాఖ్యలో వరుసగా 5 ఏళ్లు వాడకపోతే దానిని రద్దు చేయమని ఎవరైనా కోరవచ్చు. పైగా, తన సొంత పేరును నిజాయతీగా వాడుకునే వ్యక్తికి ఐరోపా చట్టమూ, భారతదేశపు 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టమూ మినహాయింపునిచ్చాయి.

ఇందులో ఎంత శ్రమ ఉందో గాయని బియాన్సే, ఆమె భర్త జే-జీ ఉదంతం చెబుతుంది. 2012 జనవరిలో వారికి బ్లూ ఐవీ కార్టర్ పుట్టిన వెంటనే, ఆ పేరును తమ సరుకులకు నమోదు చేయమని బయటివారు దరఖాస్తు చేసుకోగా, అమెరికా అధికారులు తిరస్కరించారు; జీవించి ఉన్న వ్యక్తిని సూచించే పేరును ఆ వ్యక్తి అనుమతి లేకుండా నమోదు చేయకూడదన్నది అక్కడి చట్టం. తల్లిదండ్రుల తరఫు సంస్థ చేసుకున్న దరఖాస్తుకు, అప్పటికే బ్లూ ఐవీ పేరుతో వేడుకలు నిర్వహిస్తున్న ఒక వ్యాపారం నుంచి అభ్యంతరం వచ్చింది. ఆ అభ్యంతరాన్ని కొట్టివేసేసరికి 2020 వచ్చింది. ఆ అనుమతి నిబంధన కూడా ప్రధానంగా జనానికి తెలిసినవారికే అక్కరకొస్తుంది, ఊయలలోని సామాన్య శిశువుకు దాని ఆసరా అంతగా దొరకదు.

కాబట్టి చాలామందికి అవసరమైనది పేరుకు కంచె వేయడం కాదు, బిడ్డ గుర్తింపును కాపాడటం. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 7వ అధికరణం పుట్టిన వెంటనే నమోదును, పేరును పొందే హక్కును బిడ్డకు ఇచ్చింది. ఆ నమోదును ఆలస్యం చేయకండి. అరుదైన పేరులో అక్షరదోషం దొర్లే అవకాశం ఎక్కువ కనుక, పత్రం చేతికి రాగానే ఒక్కో అక్షరం సరిచూసుకోండి. దీర్ఘం దగ్గర ఒకచోట రెండు ఇంగ్లిషు అక్షరాలు, మరోచోట ఒకటే పడితే, తర్వాత పాస్‌పోర్టు దగ్గర వివరణ ఇచ్చుకోవలసి వస్తుంది. ఆ పేరుతో వెబ్‌సైట్ చిరునామా ఖాళీగా ఉంటే తల్లిదండ్రుల పేరిట తీసుకుని, గడువు దాటకముందే పునరుద్ధరిస్తూ ఉండవచ్చు. పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఫొటో మూడింటినీ ఒకేచోట బహిరంగంగా పెట్టకపోవడం మేలు.

బిడ్డ పేరుతో నిజంగానే వ్యాపారం మొదలుపెట్టే ఆలోచన ఉంటే, ప్రపంచ మేధో సంపత్తి సంస్థ ఉచితంగా అందించే గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్‌లో ఆ పేరు కోసం, దానిలా పలికే పేర్ల కోసం వెతికిన తర్వాతే న్యాయవాదిని కలవండి. దరఖాస్తు వివరాలు ఎవరైనా చూడగలిగే రికార్డులోకి చేరతాయి కాబట్టి, ఇంటి చిరునామాకు బదులు వ్యాపార చిరునామాను గానీ న్యాయవాది చిరునామాను గానీ ఇవ్వడానికి వీలుందేమో సంతకానికి ముందే అడగండి.