కోచ్ సాయంతో హాఫ్ ఐరన్ ట్రయథ్లాన్‌కు విజయవాడ నుంచి సిద్ధం కావడం ఎలా?

ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటిగా పూర్తి చేయవలసిన పోటీ ట్రయథ్లాన్. ఇందులో హాఫ్ ఐరన్ దూరమంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మైళ్లలో కలిపితే 70.3 అవుతుంది కనుక ఆ అంకెతోనే దీన్ని పిలుస్తారు. 1978లో హవాయిలో పదిహేను మందితో మొదలైన ఫుల్ ఐరన్ దీనికి రెట్టింపు. గోవాలో 2019లో 70.3 పోటీ మొదలైన తర్వాత మన ప్రాంతం వారికి ఇది మరింత అందుబాటులోకి వచ్చింది. విజయవాడలోనో గుంటూరులోనో వాస్కో డ గామా వరకు వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగేది గోవాలోనే.

ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, తెల్లవారుజామున దొరికే గంటన్నరతో, కోచ్ సాయం తీసుకుని మొదటిసారి ఈ దూరం పూర్తి చేయదలచినవారి కోసం ఈ వ్యాసం. కోచ్ అంటే మన చేత ఎక్కువ చేయించేవాడని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో కోచ్ పనిలో ఎక్కువ భాగం మనల్ని ఆపడమే. ఎప్పుడు ఆపాలో తెలియాలంటే ఆయనకు మన గురించి నిజం తెలియాలి. ఆ నిజం చెప్పవలసింది మనమే.

1. ముందు డాక్టరు, తర్వాత క్యాలెండరు

శిక్షణ మొదలుపెట్టక ముందే ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష, బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకూ, కోచ్‌కూ కూడా చెప్పాలి.

ఆ తర్వాత పోటీ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. మొదటిసారి పాల్గొనేవారికి ఏడెనిమిది నెలల వ్యవధి ఉండడం మంచిది. పోటీ అక్టోబరు చివరలోనో నవంబరులోనో ఉంటే శిక్షణ మార్చిలో మొదలవుతుంది. అప్పుడు రోళ్లు పగిలే రోహిణీ కార్తె శిక్షణ తొలి సగంలో పడుతుంది, కృష్ణకు వరద వచ్చే ఆగస్టు, సెప్టెంబరు నెలలు సరిగ్గా నదిలో ఈత సాధన అవసరమైన చివరి వారాల్లో పడతాయి. వేరే ఊళ్లో ఉండే కోచ్‌కు ఈ సంగతి తెలియకపోవచ్చు. కాబట్టి ఆరుబయటి నీటిలో చేయవలసిన ఈతను మార్చి నుంచి జూన్ మధ్యకు జరపమని మొదటి సంభాషణలోనే అడగండి.

2. కోచ్‌ను ఎంచుకోవడం

డబ్బు కట్టిన రోజే ఎనిమిది నెలల టైమ్‌టేబుల్ పంపే వ్యక్తి కోచ్ కాదు, టైమ్‌టేబుల్ అమ్మే వ్యక్తి. మంచి కోచ్ ముందు ప్రశ్నలు అడుగుతాడు: ఎన్ని గంటలు నిద్రపోతారు, పాత దెబ్బలేమైనా ఉన్నాయా, ఆఫీసులో నిలబడే పనా కూర్చునే పనా, వారంలో ఏ పూట ఇంటికి తప్పనిసరిగా కేటాయించాలి. మీరు అడగవలసినవీ ఉన్నాయి. ఆయన ప్రస్తుతం ఎంతమందిని చూస్తున్నారు, వారానికి ఎన్నిసార్లు మాట్లాడతారు, జ్వరం వచ్చి వారం పోతే ప్రణాళికను ఎలా మారుస్తారు అన్నవి ముఖ్యం. ఈ మూడో ప్రశ్నకు "పోయినవన్నీ తర్వాతి వారంలో కలిపేద్దాం" అని జవాబు వస్తే వెనక్కి వచ్చేయండి.

సైకిలుకూ పరుగుకూ దూరం నుంచి, వాచీ పంపే లెక్కలు చూసి శిక్షణ ఇవ్వవచ్చు. ఈతకు మాత్రం ఒడ్డున నిలబడి చూసే మనిషి కావాలి. అందుకే ప్రణాళిక కోసం ఆన్‌లైన్ కోచ్, స్ట్రోక్ (ఈతలో చేయి వేసే తీరు) దిద్దడానికి పూల్ దగ్గర స్థానిక కోచ్, ఇలా ఇద్దరిని పెట్టుకోవడం మన ఊరికి నప్పే పద్ధతి. ఆ ఇద్దరినీ ఒకసారి ఫోన్లో మాట్లాడించండి. లేకపోతే ఒకరు విశ్రాంతి ఇచ్చిన రోజునే రెండోవారు పూల్ ఈ చివరి నుంచి ఆ చివరికి నలభైసార్లు ఈదిస్తారు.

3. ఇప్పుడు ఎక్కడున్నారో కొలుచుకోవడం

మొదటి రెండు వారాల్లో కోచ్ మూడు పరీక్షలు పెడతాడు. ఈతలో 400 మీటర్లు ఒకసారి, విశ్రాంతి తర్వాత 200 మీటర్లు ఒకసారి శక్తి కొద్దీ ఈదాలి. మొదటిదానికి 10 నిమిషాలు, రెండోదానికి 4 నిమిషాల 40 సెకన్లు పట్టిందనుకుందాం. తేడా 5 నిమిషాల 20 సెకన్లు, దూరంలో తేడా 200 మీటర్లు. అంటే మీరు నిలకడగా ఈదగల వేగం 100 మీటర్లకు 2 నిమిషాల 40 సెకన్లు. ఆ లెక్కన 1.9 కిలోమీటర్లకు దాదాపు 51 నిమిషాలు పడుతుంది. ఈ దూరానికి ఈత గడువు సాధారణంగా 70 నిమిషాలు, మొత్తం పోటీ గడువు ఎనిమిదిన్నర గంటలు. కాబట్టి ఆ వేగం ఉన్నవారు ఈతను తలచుకుని నిద్ర పాడుచేసుకోనవసరం లేదు.

సైకిలుపై 20 నిమిషాలు నిలకడగా, గట్టిగా తొక్కి ఆ సగటు శక్తిలో 95 శాతాన్ని మీరు చాలాసేపు నిలబెట్టగల శ్రమకు పరిమితిగా తీసుకుంటారు. ఆ శక్తిని కొలిచే పవర్ మీటరు ఖరీదైన వస్తువు. అది లేనివారికి గుండె వేగం చాలు. పరుగుకు కూడా ఇటువంటిదే ఒక పరీక్ష ఉంటుంది. ఈ అంకెలు ఎవరికీ చూపించుకోవడానికి కావు. తేలిక రోజు ఎంత తేలికగా ఉండాలో తేల్చడానికే.

4. కాలువ ఈతను మరచి కొత్త ఈత నేర్చుకోవడం

నడుముకు మునగబెండ్లు కట్టుకుని పంట కాలువలో ఈత నేర్చుకున్నవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ ఈత ప్రాణం కాపాడుతుంది కానీ రెండు కిలోమీటర్లు మోయదు. తల నీటిపైన ఎత్తి పెడితే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. దిగిన కాళ్లు నీటిని అడ్డుకుంటాయి. ఆ అడ్డును గెలవడానికి భుజాలు అలసిపోతాయి. కాబట్టి మొదటి ఆరు వారాలు దూరం గురించి ఆలోచించకుండా, ముఖం నీటిలో ఉంచి బుడగలుగా ఊపిరి వదలడం, తల ఎత్తకుండా పక్కకు తిప్పి గాలి తీసుకోవడం, ఒక చేయి ముందు చాచి పక్కకు ఒరిగి జారడం, ఇవే చేయాలి. ఇరవై ఏళ్లుగా ఈత వచ్చుననుకున్నవారికి పక్కన పదేళ్ల పిల్లలు దూసుకుపోతుంటే ఇది చిన్నతనంగా అనిపిస్తుంది. తప్పదు.

పూల్‌లో కిలోమీటరు ఆగకుండా వచ్చిన తర్వాత ప్రకాశం బ్యారేజీకి ఎగువన, నీరు నిలకడగా ఉన్న రోజుల్లో, నదిని ఎరిగిన ఈతగాళ్ల బృందంతో, పడవ తోడుగా ఉన్నప్పుడు మాత్రమే కృష్ణలో దిగాలి. నడుముకు కట్టుకునే రంగు బుడగ తప్పనిసరి. అక్కడ నేర్చుకోవలసింది పూల్ అడుగున ఉన్నట్టు దారి చూపే గీత లేని నీటిలో సూటిగా వెళ్లడం: ప్రతి పది స్ట్రోకులకోసారి కళ్లు మాత్రం నీటిపైకి తెచ్చి ఎదుటి గుర్తును చూసుకోవాలి. మా కోచ్ నాకు ఇంద్రకీలాద్రి అంచును గుర్తుగా పెట్టుకోమన్నారు. నీటి మట్టం నుంచి చూస్తే ఒడ్డున మనుషులు, గుడారాలు కనబడవు, కొండ మాత్రం కనబడుతుంది.

ఎగువ నుంచి నీరు వదులుతున్నారని తెలిస్తే ఆ వారం నది ఊసే ఎత్తకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో ఇదే బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లింది. ఊరి మధ్య నుంచి పారే బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో సాధన ఏ కాలంలోనూ వద్దు. వంతెనల కింద ప్రవాహం లాగేస్తుంది, ఎక్కి రావడానికి గట్టు పట్టు దొరకదు.

5. వారాన్ని అమర్చుకోవడం

ఈ దూరానికి వారానికి ఎనిమిది నుంచి పది గంటలు చాలు. మూడు ఈతలు, మూడు సైకిలు సవారీలు, మూడు పరుగులు, రెండు పొట్టి కండ బలం వ్యాయామాలు సాధారణ అమరిక. ఆదివారం దూరపు సైకిలు, బుధవారం దూరపు పరుగు, సోమవారం విశ్రాంతి పెట్టుకుంటే ఉద్యోగస్థులకు ఇబ్బంది తగ్గుతుంది. ప్రతి నాలుగో వారం మొత్తం శ్రమను మూడో వంతు తగ్గించాలి.

ఈ గంటల్లో ఎక్కువ భాగం తేలికగానే గడవాలి. తేలిక అంటే పక్కనున్నవారితో పూర్తి వాక్యం చెప్పగలిగే వేగం. మాట మధ్యలో ఊపిరి అందుకోవలసి వస్తే అది తేలిక కాదు. వేగం తగ్గించమని కోచ్ చెప్పినప్పుడు వినడం నాకు మూడు నెలలు పట్టింది, ముఖ్యంగా మరొక సైకిలువాడు దాటిపోతున్నప్పుడు.

సైకిలుకు రాజధాని ప్రాంతంలోని సీడ్ యాక్సెస్ రోడ్డు అనువైనది, అయితే టిప్పర్లు తిరగడం మొదలుకాక ముందే ముగించుకోవాలి. మన రోడ్లు బల్లపరుపుగా ఉంటాయి కనుక సులువనుకోవద్దు. వాలు లేకపోతే కాళ్లకు విశ్రాంతి ఉండదు, మూడు గంటలు ఒకే భంగిమలో మెడ, నడుము పట్టేస్తాయి. అందుకే ఖరీదైన చక్రాలకంటే ముందు సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం మీ శరీరానికి సరిచేయించుకోండి. పంక్చరు వేసుకోవడం ఇంట్లో పదిసార్లు సాధన చేయండి.

6. డైరీ

కోచ్‌కు ప్రతిరోజూ నాలుగు సంగతులు పంపాలి: నిద్ర ఎన్ని గంటలు, లేవగానే గుండె వేగం ఎంత, చేసిన పని పదింటిలో ఎంత కష్టంగా అనిపించింది, ఎక్కడైనా నొప్పి ఉందా. మొదటి మూడూ వాచీ, కాగితం చెప్పేస్తాయి. నాలుగోదాని దగ్గరే అందరం అబద్ధమాడతాం.

ఆగస్టులో నా కుడి మోకాలు ముందు భాగంలో చిన్న నొప్పి మొదలైంది. పరుగు ఆపేయమంటారన్న భయంతో తొమ్మిది రోజులు "నొప్పి: లేదు" అని రాశాను. పదో రోజు మా కోచ్ ఫోన్ చేశారు. ఆయన నాకంటే పదిహేనేళ్లు చిన్న. "సార్, మెట్లు దిగేటప్పుడు ఎలా ఉంటోంది?" అన్నారు. పరిగెత్తేటప్పుడు ఎలా ఉందని అడిగి ఉంటే బాగానే ఉందని చెప్పేవాడిని. మెట్ల ప్రశ్నకు తయారుగా లేను. ఎక్కేటప్పుడు ఫరవాలేదు, దిగేటప్పుడే పొడుస్తోందని నోరు జారింది. నా కుడి అడుగు నేలపై తక్కువసేపు ఆనుతున్నట్టు వాచీ లెక్కల్లో ఆయనకు అప్పటికే కనబడింది. మొదటి రోజే చెప్పి ఉంటే నాలుగు రోజుల విశ్రాంతితో పోయేది, చివరకు మూడు వారాలు పరుగు మానవలసి వచ్చింది.

7. చెమట లెక్క, తిండి లెక్క

మన ఊళ్లో మే నెల ఎండ కంటే ఆగస్టు ఉక్కపోత మోసకారిది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఆ రోజుల్లో వేగాన్ని కాక గుండె వేగాన్ని చూసి పరిగెత్తాలి.

మీ చెమట ఎంతో ఇలా తేల్చుకోండి. పరుగుకు ముందు తడి లేని ఒంటితో బరువు చూసుకోవాలి. గంట పరిగెత్తి, తుడుచుకుని మళ్లీ చూసుకోవాలి. 72 కిలోలు 70.8 అయి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే, గంటకు లీటరున్నర పోయిందన్నమాట. అదంతా తిరిగి తాగాలని ప్రయత్నించకూడదు. ఉప్పు లేకుండా మంచినీళ్లు మితిమీరి తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం.

సైకిలుపై గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. ఓఆర్ఎస్ దీనికి సరిపోతుందని కొందరు పొరబడతారు. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే, అది ఉప్పు కోసం, శక్తి కోసం కాదు. 750 మిల్లీలీటర్ల సీసాలో 45 గ్రాముల పంచదార, పావు చెంచా కంటే కాస్త తక్కువ ఉప్పు, అర నిమ్మచెక్క కలిపితే చవకలో పని జరుగుతుంది. దానికి అరటిపండో, నాలుగు ఖర్జూరాలో తోడు. రాగిజావ, ఇడ్లీ బయలుదేరడానికి రెండు గంటల ముందు తినాలి, పల్లీ చట్నీ మాత్రం ఆ పూటకు మానుకోవాలి. పోటీ రోజున తినబోయేదాన్ని కనీసం ఆరు ఆదివారాలు తిని చూడాలి, ఎందుకంటే పొట్టకు కూడా శిక్షణ కావాలి.

8. సైకిలు దిగి పరుగు

తొంభై కిలోమీటర్లు తొక్కి దిగాక మొదటి కిలోమీటరు కాళ్లు మనవి కావనిపిస్తాయి. రెండు వారాలకోసారి సవారీ ముగిసిన అయిదు నిమిషాల్లో బూట్లు మార్చి ఇరవై నిమిషాలు పరిగెత్తితే ఇది అలవాటవుతుంది. పోటీకి నాలుగు వారాల ముందు ఒకసారి మూడింటినీ, దూరం తగ్గించి, పోటీ బట్టలతో, అదే తిండితో వరుసగా చేయాలి.

9. చివరి పద్నాలుగు రోజులు

శ్రమ సగానికి తగ్గుతుంది, వేగం తగ్గదు. ఖాళీ సమయం దొరికి, చేసింది చాలలేదన్న గుబులు పుడుతుంది. ఈ రోజుల్లో కోచ్‌కు చెప్పకుండా చేసే అదనపు పరుగే ఎక్కువ నష్టం చేస్తుంది. సముద్రంలో ఎన్నడూ ఈదనివారు పోటీ ఊరికి రెండు మూడు రోజుల ముందే చేరి, నిర్వాహకులు అనుమతించిన వేళల్లో అలలు, ఉప్పునీరు అలవాటు చేసుకోవాలి.

పోటీలో బయటివారి సాయం నిషిద్ధం. కోచ్ రోడ్డు పక్కన నిలబడి కేక వేయవచ్చు, మీ పక్కన పరిగెత్తకూడదు, సీసా అందించకూడదు. కనుక ఆయన చెప్పదలచినదంతా ముందే ఒక కాగితం ముక్కపై రాసి సైకిలు కడ్డీకి అంటించుకోండి. నాకు అంటించినదానిలో మూడు వరుసలున్నాయి: మొదటి 30 కిలోమీటర్లు గుండె వేగం 140 దాటవద్దు, ప్రతి పావుగంటకు రెండు గుక్కలు, ఎవరు దాటినా దాటనివ్వండి.

పోటీ ముగిసిన రెండో రోజు, వివరాలు మరచిపోక ముందే, ఏ కిలోమీటరు దగ్గర ఏమైందో రాసి కోచ్‌కు పంపండి. ఆ తర్వాత పది రోజులు వాచీని డ్రాయరులో పడేయవచ్చు.