ఇబర్ లోయ చర్చిలను చదవడం నేర్చుకుందాం - 3వ పాఠం: ఏది ముందు, ఏది తర్వాత?

పోయిన పాఠంలో దిక్కులు చూసుకున్నాం. వేదిక తూర్పున, వాకిలి పడమర. ఈసారి కట్టడంలో ఏ భాగం పాతదో, ఏది తర్వాత చేరిందో కనిపెట్టడం సాధన చేద్దాం. ఇందుకు సెర్బియాలో స్టూడెనిట్సాను మించిన చోటు లేదని నా అభిప్రాయం. ఇబర్ నదికి పడమటి కొండల్లో, 12వ శతాబ్దం చివర్లో సెర్బియా పాలకుడు స్టెఫాన్ నేమాన్యా కట్టించిన మఠం ఇది. 1986లో యునెస్కో జాబితాలో చేరింది.

ఫోటోలు ముందు పెట్టుకుని మఠంలోని పెద్ద చర్చి, అంటే మేరీమాత చర్చి చుట్టూ ఒకసారి తిరిగి రండి. గోడలకు నున్నగా చెక్కిన తెల్ల పాలరాయి. తూర్పున మూడు పాయల కిటికీ, దాని చుట్టూ తీగలు, తీగల మధ్య వింత జంతువులు. ఇది అడ్రియాటిక్ సముద్ర తీరం శిల్పుల బాణీ. తలెత్తి గుమ్మటం చూస్తే అది బైజాంటిన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు పద్ధతి. ఈ రెండూ కలిసిన కట్టడాల్నే రాష్కా శైలి అంటారు.

ఇప్పుడు పడమటి వాకిలికి రండి. ఇక్కడ తొందరపడొద్దు. ద్వారానికి పైన కమానులో బాలయేసుతో మేరీమాత, అటూ ఇటూ దేవదూతలు. వీధి ముఖానికి చేసినంత శ్రద్ధగా చెక్కిన ఈ ద్వారం ఇప్పుడు ఒక గది లోపల ఉంది! బయటివాళ్లకు చూపించడానికి చెక్కిన పని లోపల కనిపించిందంటే, ముందున్న గది తర్వాత కట్టిందన్నమాట. నిజమే, ఆ ముందుగదిని 13వ శతాబ్దంలో నేమాన్యా మనవడు రాదోస్లావ్ రాజు చేర్పించాడు. ఈ సూత్రం ఏ పాత కట్టడానికైనా పనికొస్తుంది.

లోపలికి వెళ్లి వెనక్కి తిరిగితే, పడమటి గోడ మీద సిలువ దృశ్యం. ముదురు నీలం మీద నక్షత్రాలు, కళ్లు మూసుకుని తల వాల్చిన క్రీస్తు. 1208-09 నాటి పని. గ్రీకులో కాకుండా స్లావిక్ లిపిలో రాతలుండటం అప్పటికి కొత్త. చాలామంది ఆ నీలం రంగు దగ్గరే ఆగిపోతారు. మీరు ఫోటోను జూమ్ చేసి తెల్లటి చిన్న చిన్న గాట్లు వెతకండి. మన మేస్త్రీలు పాత గోడకు కొత్త ప్లాస్టరింగ్ పట్టాలని ముందు చిప్పింగ్ చేస్తారు కదా, అదే పని. 1568లో చర్చికి మళ్లీ బొమ్మలు వేసినప్పుడు పాతవాటిని ఇలా గాట్లు పెట్టి కప్పేశారు. కాబట్టి గాట్లున్న పొర పాతది. గాట్లు లేకపోతే కొత్తదని మాత్రం అనుకోకండి, కొన్ని బొమ్మల్ని కప్పకుండానే వదిలేస్తారు.

అభ్యాసం: అదే ఆవరణలో 1314లో మిలూతిన్ రాజు కట్టించిన చిన్న చర్చి ఉంది. దాని ఫోటో పెద్ద చర్చి ఫోటో పక్కన పెట్టి గోడల పైపూత, గుమ్మటం, ద్వారం పోల్చి రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ చిన్న చర్చి లోపల, మేరీమాత పుట్టిన దృశ్యంతో మొదలుపెడదాం.