చిప్‌ను చదవడం, 5వ పాఠం: ఆర్కిటెక్చర్ ఐడీలోని మొదటి బిట్

గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకే చోట కాలు జారాయి. విజన్‌ఫైవ్ 2 బోర్డు మీది ప్రాసెసర్ ఓపెన్ హార్డ్‌వేరా (అంటే దాని డిజైన్ అందరికీ అందుబాటులో ఉన్నదా) కాదా అని అడిగితే, "అది రిస్క్-ఫైవ్ కాబట్టి ఓపెనే" అని రాశారు. అందువల్ల ఈ విడత చెప్పవలసిన మెమరీ మ్యాప్‌ను వచ్చే విడతకు వాయిదా వేశాను. ఈ ముడి విప్పకుండా ముందుకు వెళితే, తరువాతి పాఠాలన్నీ తప్పుడు పునాది మీద నిలుస్తాయి.

2010లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలై, ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో నమోదైన రిస్క్-ఫైవ్ ఇంటర్నేషనల్ నిర్వహణలో ఉన్న రిస్క్-ఫైవ్ అన్నది చిప్ కాదు, ఒక పత్రం. ఏ బిట్ల వరుసకు కూడిక అని అర్థం, ఏ వరుసకు జంప్ అని అర్థం, ఏ రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదిలో) ఏముండాలి అన్నవి అందులో ఉంటాయి. ఆ పత్రాన్ని అనుసరించి ఎవరైనా రాయల్టీ కట్టకుండా ప్రాసెసర్ చేసుకోవచ్చు. కానీ అలా చేసిన ప్రాసెసర్ డిజైన్‌ను నలుగురికీ ఇవ్వాలన్న షరతు అందులో ఎక్కడా లేదు. తెలుగు వ్యాకరణం ఎవరి సొత్తూ కాదు, అయినా ఆ వ్యాకరణంతో రాసిన నవల మీద హక్కులు రచయితవే.

ఉదాహరణకు, విజన్‌ఫైవ్ 2లో ఉన్నది సైఫైవ్ సంస్థ లైసెన్సు మీద అమ్మే యూ74 కోర్ (ప్రాసెసర్‌లో ఆదేశాలను నడిపే భాగం). ఈఎస్‌పీ32-సీ3 చిప్‌లోనిదీ రిస్క్-ఫైవ్ కోరే, దాని డిజైనూ బయట దొరకదు. ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్‌ల లోపల నియంత్రణ పనులు చేసే చిన్న కోర్‌లు రిస్క్-ఫైవ్‌వే అయినా, ఆ చిప్‌లను ఓపెన్ అని ఎవరూ అనరు. మరోవైపు, ఐఐటీ మద్రాస్ వారి శక్తి ప్రాసెసర్ల డిజైన్ బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉంది. పత్రం ఒక్కటే, దాని మీద కట్టినవాటి లైసెన్సులు వేరువేరు. "రిస్క్-ఫైవ్" అన్న ముద్ర పత్రం గురించే చెబుతుంది, లోపలి డిజైన్ గురించి ఏమీ చెప్పదు. దీన్ని ఇంతగా సాగదీయడం కొందరికి విసుగనిపించవచ్చు. కానీ అమ్మకపు ప్రకటనలు ఈ రెంటినీ కావాలనే కలిపేస్తుంటాయి కనుక నేను వదలదలచుకోలేదు.

రిస్క్-ఫైవ్‌కు పోటీ అయిన ఆర్మ్ విషయంలో ఈ గందరగోళం లేదు, ఎందుకంటే అక్కడ పత్రానికీ లైసెన్సు కావాలి, డిజైన్‌కూ లైసెన్సు కావాలి. సొంతంగా కోర్ గీసుకునే ఆపిల్ కూడా ఆర్మ్ నుంచి ఆర్కిటెక్చర్ లైసెన్సు తీసుకున్నదే. చిప్‌లు రూపొందించే నువియా సంస్థను కొన్న క్వాల్‌కామ్ మీద 2022లో ఆర్మ్ వేసిన దావా సారాంశం కూడా, ఆ లైసెన్సు ఎవరికి, ఏ షరతులతో వర్తిస్తుందన్నదే.

ఇక అసలు నైపుణ్యానికి వద్దాం. రిస్క్-ఫైవ్ కోర్‌లో ఆర్కిటెక్చర్ ఐడీ అనే రిజిస్టర్ ఒకటి ఉంటుంది. లినక్స్ నడిచే బోర్డుల్లో, కెర్నల్ మరీ పాతది కాకపోతే, ప్రాక్ డైరెక్టరీలోని సీపీయూఇన్ఫో ఫైలు తెరిస్తే ఆ విలువ కనబడుతుంది. నియమం సులువైనది: డిజైన్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుదైతే రిస్క్-ఫైవ్ ఇంటర్నేషనల్ ఒక సంఖ్యను కేటాయిస్తుంది, అందులో అన్నిటికన్నా పై బిట్ సున్నా, వాణిజ్య డిజైన్ అయితే తయారీదారు తానే సంఖ్య పెట్టుకుంటాడు, పై బిట్ తప్పనిసరిగా ఒకటి.

విజన్‌ఫైవ్ 2లో ఆ విలువ హెక్సాడెసిమల్‌లో 8000000000000007. మొదటి అంకె 8, అంటే బిట్లలో 1000, అంటే పై బిట్ ఒకటి. మీరు "ఓపెన్" అని రాసిన ప్రాసెసర్ తాను వాణిజ్య డిజైన్‌నని తానే చెబుతోంది. రాస్ప్‌బెరీ పై పికో 2లోని ఆర్‌పీ2350 చిప్‌లో రెండు ఆర్మ్ కార్టెక్స్-ఎం33 కోర్‌లు, రెండు హజార్డ్3 అనే రిస్క్-ఫైవ్ కోర్‌లు పక్కపక్కనే ఉన్నాయి. హజార్డ్3 ఐడీ 27. అది 32 బిట్ల కోర్ కనుక ఇక్కడ పై బిట్ అంటే, సున్నా నుంచి లెక్కపెడితే, 31వ బిట్, అది సున్నా. దాని వెరిలాగ్ (హార్డ్‌వేర్ డిజైన్ రాసే భాష) కోడ్ అపాచీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉంది. ప్రోగ్రామును ఆర్మ్ కోసం కంపైల్ చేస్తే ఈ రిజిస్టరే ఉండదని గుర్తుంచుకోండి. నేనైతే ప్రాజెక్టు మొదట్లోనే ప్లాట్‌ఫారాన్ని రిస్క్-ఫైవ్‌కు మార్చేసి, మళ్లీ దాని జోలికి పోను.

విలువ మొత్తం సున్నాగా వస్తే ఓపెన్ అనుకోవద్దు. సున్నా అంటే ఆ కోర్ తన ఐడీ చెప్పడం లేదని మాత్రమే అర్థం. ఆల్‌విన్నర్ డీ1 చిప్‌లోని టీ-హెడ్ సంస్థ కోర్ సీ906 సున్నానే చూపుతుంది. ఆ పేరుతో ఉన్న కోర్ డిజైన్‌ను ఆ సంస్థ 2021లో అపాచీ లైసెన్సు కింద బయటపెట్టింది. ఇలాంటప్పుడు రిజిస్టర్‌ను పక్కనబెట్టి రిపాజిటరీలోని లైసెన్సు ఫైలు చదవడం తప్ప దారి లేదు.

పై బిట్ సున్నా వచ్చినా అది కోర్ గురించిన మాటే. ఆర్‌పీ2350లో హజార్డ్3 ఓపెన్ అయినంత మాత్రాన, పక్కనున్న కార్టెక్స్ కోర్‌లు ఓపెన్ కావు. ఫౌండ్రీ (చిప్‌లు తయారుచేసే కర్మాగారం) ఇచ్చే ప్రాసెస్ డిజైన్ కిట్ (అక్కడ తయారయ్యేలా చిప్ గీయడానికి కావలసిన వివరాలు) ఇంకో పొర. అది సాధారణంగా గోప్యతా ఒప్పందం మీదే దొరుకుతుంది. గూగుల్‌తో కలిసి స్కైవాటర్ 2020లో విడుదల చేసిన 130 నానోమీటర్ల కిట్ ఇందుకు మినహాయింపు. ఈ పొరను ఏడో పాఠంలో విడిగా చూద్దాం.

అభ్యాసం: హజార్డ్3 రిపాజిటరీని దింపుకుని, 27 అన్న విలువను రిజిస్టర్‌లో పెట్టే వెరిలాగ్ వరుస ఏ ఫైల్లో ఉందో వెతకండి. దాన్ని మార్చి, సిమ్యులేటర్‌లో నడిపి, మీరు పెట్టిన కొత్త విలువను ఒక చిన్న అసెంబ్లీ ప్రోగ్రాముతో చదివి చూపండి. మీ మార్పులను అమ్ముకునే ఉద్దేశం ఉందనుకుంటే, పై బిట్‌ను ఎంత పెట్టాలో, అపాచీ లైసెన్సు ప్రకారం మీ ప్యాకేజీలో ఏ ఫైళ్లు తప్పక ఉండాలో కూడా రాయండి. వెరిలాగ్ ఇంతవరకు ముట్టనివారికి ఇది ఒక ఆదివారం మొత్తం తినేస్తుంది; వారు మూడో పాఠంలోని సిమ్యులేటర్ స్థాపన ముందుగా పూర్తిచేసుకోవాలి.