పిల్లలకు ఫిట్స్ వచ్చినప్పుడు అక్కరకొచ్చే ఒక అట్టముక్క

జ్వరం హఠాత్తుగా పెరిగి పసిబిడ్డకు ఫిట్స్ వచ్చినప్పుడు, 108కు ఫోన్ చేసిన తల్లికి సొంత ఇంటి చిరునామా కూడా నోటికి రాదు. విజయవాడలో మొగల్రాజపురం కొండవాలు సందుల్లో ఇల్లయితే అంబులెన్సుకు దారి చెప్పడం మరీ కష్టం. అందుకని మేము పోస్టుకార్డంత అట్టముక్క మీద చిరునామా, దగ్గరి గుడి గుర్తు, వాహనం రాగలిగే వీధి పేరు, బిడ్డ పుట్టిన తేదీ, బరువు, తూచిన తేదీ, పడని మందులు పెద్ద అక్షరాలతో రాసి వీధి తలుపు లోపలివైపు అంటించాము. అమ్మమ్మ అయినా, పక్కింటివారైనా దానిని చూసి ఫోనులో చదివి వినిపించగలరు. పిల్లల మందుల మోతాదును వైద్యులు చాలావరకు కిలోల లెక్కన నిర్ణయిస్తారు గనుక బరువు తప్పక రాయాలి.

అట్ట అడుగున ఫిట్స్ మొదలైన సమయం రాయడానికి ఖాళీ వదలి, పెన్సిలును దారంతో వేలాడదీయండి. ఆ భయంలో అర నిమిషం కూడా అరగంటగా తోస్తుంది, కానీ 5 నిమిషాలు దాటిందా లేదా అన్నది వైద్యులకు చాలా ముఖ్యం. ఈలోగా బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి; నోట్లో చెంచా గాని, నీళ్లు గాని, మందు గాని పెట్టకూడదు. చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, పెద్దవాళ్లు ఎంత పట్టుబట్టినా సరే.

బరువు పాతబడితే ఈ అట్ట తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి మూడు నెలలకొకసారి తూచి దిద్దుకోవాలి. మొదటిసారి ఫిట్స్ వచ్చిన బిడ్డను, అవి వాటంతటవే ఆగిపోయినా, అదే రోజు ఆసుపత్రిలో చూపించవలసిందే.