నడ్జీ బీచ్ మడ నడక: ముందు పోటు పట్టిక చూడండి

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో నడ్జీ బీచ్ పక్కన మడ అడవి గుండా వెళ్లే చెక్కబాట పేరు టబ్బిల్‌బాన్ ధాగన్. దాదాపు ఒకటిన్నర కిలోమీటరు, అంతా చదునే. ఆగకుండా నడిస్తే అరగంట చాలు. పక్షుల కోసమైతే గంటన్నర ఉంచుకోండి.

బయల్దేరే సమయం తేల్చేది ‘బ్రిస్బేన్ బార్’ (నది ముఖద్వారం దగ్గర నీటిమట్టం కొలిచే చోటు) పోటు పట్టిక. పూర్తి ఆటులో వెళ్తే నీరు బాగా వెనక్కి పోయి, పక్షులు దూరంగా చుక్కల్లా కనిపిస్తాయి. నిండు పోటులో మేయడానికి బురదే మిగలదు కాబట్టి అవి వేరేచోట వాలతాయి. నిండు పోటుకు రెండు గంటల ముందు చేరుకోండి; పెరిగే నీరే వాటిని దగ్గరికి తెస్తుంది. సెప్టెంబరు నుంచి మార్చి వరకు సైబీరియా వైపు నుంచి వచ్చే కర్లూలు, అలాస్కా నుంచి వచ్చే గాడ్‌విట్లు అనే పొడుగు ముక్కు పక్షులు ఇక్కడే ఉంటాయి. ముక్కు కిందికి వంగితే కర్లూ, కాస్త పైకి తిరిగితే గాడ్‌విట్. వాటిని బెదరగొట్టకండి. తిరుగు ప్రయాణానికి కూడబెట్టుకునే కొవ్వు ఎగిరిన ప్రతిసారీ కరిగిపోతుంది.

ఇక దోమలు. పున్నమి, అమావాస్య పోట్లు ఉప్పు చిత్తడిని ముంచిన వారం పది రోజులకు అవి ముసురుకుంటాయి, అదీ పట్టపగలే. కీళ్ల నొప్పులు తెచ్చే రాస్ రివర్ జ్వరం వీటివల్ల వస్తుంది, దానికి టీకా లేదు. బిగుతు బట్టల పైనుంచీ కుడతాయి కనుక వదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ముందు సన్‌స్క్రీన్ పూసి, ఆరాక పికారిడిన్ లేదా డీట్ ఉన్న దోమల మందు రాయండి.

తెల్ల మడ ఆకును కొమ్మకుండగానే తిప్పి చూడండి, ఉప్పు రవ్వలు మెరుస్తాయి. బురదలో పెన్సిళ్లలా నిలబడ్డవి ఊపిరి వేర్లు. చెక్కబాట దిగితే విరిగేవి అవే.

ఈ తీరపు అబోరిజినల్ ప్రజలు పసుపు పూల కాటన్ ట్రీ లోపలి నారతో వలలు అల్లారు, పేపర్‌బార్క్ చెట్టు బెరడు గుడిసెల కప్పుకు వాడారు. మంచినీటి చిత్తడిలో పెరిగే బంగ్‌వాల్ ఫెర్న్ దుంపను కాల్చి, రాతితో దంచి తినేవారు. ఈ తీరం ఉన్న మోర్టన్ బే అఖాతంలో అదే ముఖ్యాహారం. వారి తిండి గురించి చెప్పేటప్పుడు చాలామంది చేపలతోనే ఆగిపోతారు, దీని ఊసెత్తరు. ఒడ్డున గుల్లల దిబ్బ కనిపిస్తే అది పాత వంటల చోటు కావచ్చు. ఫొటో తీసుకోండి, ఒక్క గుల్ల కూడా కదపకండి: క్వీన్స్‌లాండ్ 2003 వారసత్వ చట్టం ప్రకారం అది నేరం.